మార్చిలో మూడు వారాలు: కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదటిసారి చూడబోయేవాళ్ళకి

2012 మార్చి 16, శుక్రవారం. మేము కాకినాడ నుంచి నార్త్ కరోలినాలోని కేరీకి వచ్చి ఎనిమిది నెలలైంది. డిపెండెంట్ వీసా మీద వచ్చాను కాబట్టి నాకు ఉద్యోగం చేసే వీల్లేదు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక పగలంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, "టీవీ పెట్టమ్మా, డ్యూక్ ఓడిపోతోంది" అంది. డ్యూక్ అంటే ఏమిటో, వాళ్ళు ఓడిపోతుంటే ఈవిడ మొహం ఎందుకలా వెలిగిపోతోందో నాకు తెలీదు. కూర్చుని చూశాం. లీహై అనే చిన్న కాలేజీ, 15వ సీడు (అంటే తన గుంపులో 15వ ర్యాంకు), గ్రీన్స్‌బరోలో 75-70తో డ్యూక్‌ని ఇంటికి పంపేసింది. సీజే మెకాలమ్ అనే కుర్రాడు ఒక్కడే 30 పాయింట్లు కొట్టాడు. అదే రోజు నార్ఫోక్ స్టేట్ అనే ఇంకో 15వ సీడు మిజోరీని 86-84తో ఓడించింది. డ్యూక్‌కి పోటీ కాలేజీ, ఆవిడ చదువుకున్న నార్త్ కరోలినా స్టేట్ (ఇక్కడందరూ స్టేట్ అంటారు) కూడా ఆ రోజే గెలిచింది. వెళ్ళిపోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. 68 కాలేజీల పేర్లు, గీతలు, ఆవిడ పెన్సిలు రాతలు. ఏ ఆటలో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి నింపే కాగితం. అదే నా మొదటి బ్రాకెట్.

అప్పట్నుంచి ఈ ఎన్‌సీఏఏ టోర్నమెంటుని, అంటే అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీని, ఏ మార్చీ వదల్లేదు. ఏటా మన పిల్లలు చదువుకి వస్తుంటారు, అమ్మానాన్నలు చూడ్డానికి వస్తుంటారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆఫీసులో ఒక బ్రాకెట్ ఇచ్చి నింపమంటారు. వాళ్ళందరూ నన్నడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ ఒక్క మాట

ఐపీఎల్‌లా ఒకటి పోతే ఇంకోటి గెలిచి పైకి రావచ్చు అనుకోకండి. ఇక్కడ ఓడితే ఇంటికే. నాకౌట్, మొదటి ఆట నుంచీ. ఆడేవాళ్ళు 18 నుంచి 23 ఏళ్ళ పిల్లలు. వాళ్ళలో ఎక్కువమంది తర్వాత ఎన్‌బీఏకి, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్ళరు. చివరి సంవత్సరం కుర్రాడికి ఆ జట్టు ఓడిన రాత్రే ఆ జెర్సీ వేసుకునే ఆఖరి రాత్రి. ఆట అయ్యాక జెర్సీతో మొహం కప్పుకుని బెంచీ మీద కూర్చున్న కుర్రాడు కనిపిస్తాడు, ఏటా కనిపిస్తాడు. అందుకే రెండు గంటలసేపు ఎవరూ బంతిని తేలిగ్గా వదలరు. ఇదొక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా నిబంధనలు మెల్లగా అవే వస్తాయి.

కాగితం ఎలా చదవాలి

మార్చి మధ్యలో ఒక ఆదివారం ఉంటుంది, సెలెక్షన్ సండే. ఆ సాయంత్రం ఆరింటికి సీబీఎస్‌లో పురుషుల టోర్నమెంట్ జట్లని ప్రకటిస్తారు. 1939లో ఇది ఎనిమిది జట్లతో మొదలైంది. మొదటి కప్పు ఆరెగన్‌ది, ఒహాయో స్టేట్ మీద 46-33. 1985కి 64 జట్లయ్యాయి, 2011కి 68. ఇందులో సగానికి కొంచెం తక్కువ జట్లు తమ తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టోర్నమెంట్ గెలిచి నేరుగా వస్తాయి. మిగతావాటిని 12 మంది ఉన్న కమిటీ ఎంచుతుంది. నేరుగా రావడం అన్నదే ఈ టోర్నమెంటుకి ప్రాణం అంటాను నేను. ఏడాదంతా ఎవరికీ పట్టని ఓ చిన్న కాలేజీ, చివరి వారంలో మూడు నాలుగు ఆటలు గెలిస్తే చాలు, కెంటకీ లాంటి పెద్ద జట్టు పక్కన తన పేరు చూసుకుంటుంది.

కాగితం మీద నాలుగు రీజియన్లు, ఒక్కోదాంట్లో 1 నుంచి 16 దాకా సీడ్లు. 1 అంటే గట్టి జట్టు, 16 అంటే అందరికంటే కింద. మొదటి రౌండులో ఎవరికెవరు ఎదురో గుర్తుపెట్టుకోవడానికి మా పెద్దావిడ ఒక చిట్కా చెప్పింది: రెండు సీడ్లూ కలిపితే 17 రావాలి. 1కి 16, 5కి 12, 8కి 9. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు కూడికలు ఈ కాగితం మీదే నేర్చుకుంది.

మంగళ, బుధవారాల్లో ఒహాయోలోని డేటన్‌లో నాలుగు ఆటలు జరిగి 68 కాస్తా 64 అవుతాయి. చాలామంది వీటిని లెక్కలోకి తీసుకోరు. మీరూ మొదటి ఏడాది వదిలేయచ్చు. అసలు పండగ గురువారం మధ్యాహ్నం మొదలవుతుంది. గురు, శుక్రవారాల్లో 32 ఆటలు. శని, ఆదివారాల్లో 16. తర్వాతి వారం మిగిలిన 16 జట్లని స్వీట్ సిక్స్‌టీన్ అంటారు, ఎనిమిదైతే ఎలైట్ ఎయిట్. మూడో వారం శనివారం ఫైనల్ ఫోర్, సోమవారం రాత్రి ఫైనల్.

పెన్సిలు పట్టుకునే ముందు

అన్నీ సరిగ్గా చెప్పేద్దామన్న ఆశ పెట్టుకోకండి. 63 ఆటలు, ఒక్కోదానికి రెండు ఫలితాలు. రెండుని 63 సార్లు గుణిస్తే 9 తర్వాత 18 అంకెలొచ్చే సంఖ్య వస్తుంది. మొత్తం బ్రాకెట్ తప్పు లేకుండా నింపిన దాఖలా ఇప్పటిదాకా లేదు. 2019లో ఒకాయన మొదటి 49 ఆటలు వరసగా సరిగ్గా చెప్పాడు, అంతకు మించి ఎవరూ వెళ్ళలేదు. కాబట్టి గురువారం రాత్రికే రెండు మూడు గీతలు కొట్టుకోవడం తప్పు కాదు, అందరికీ అయ్యేదే.

అయినా ఊరికే గుడ్డిగా నింపడంలో ఆనందం లేదు. నేను నింపే పద్ధతి చెప్తాను.

1, 2 సీడ్లని మొదటి రౌండు దాటించేయండి. 16వ సీడు 1వ సీడుని ఓడించింది రెండే రెండుసార్లు: 2018లో యూఎంబీసీ, 2023లో ఫెయిర్లీ డికిన్సన్. 15వ సీడు 2వ సీడుని ఓడించింది 2025 వరకు 11 సార్లు. ఇన్ని దశాబ్దాల్లో అంతే. జరిగిన రోజు ఊరంతా చెప్పుకుంటారు గానీ ముందుగా ఎవరూ ఊహించలేరు.

12వ సీడ్ల దగ్గర మాత్రం ఆగండి. 5వ సీడు మీద అవి ఇంచుమించు మూడింట ఒకసారి గెలుస్తాయి. 2024లో జేమ్స్ మాడిసన్, గ్రాండ్ కాన్యన్ గెలిచాయి. 2025లో మెక్‌నీస్, కొలరాడో స్టేట్. ఇదెందుకలా అంటే, 12 దగ్గరకొచ్చేవాళ్ళలో చాలామంది చిన్న కాన్ఫరెన్సుని చితక్కొట్టి వచ్చినవాళ్ళు. మూడు నాలుగేళ్ళుగా కలిసి ఆడిన సీనియర్లుంటారు. ఎదురుగా ఉన్న 5వ సీడు పెద్ద కాన్ఫరెన్సులో దెబ్బలు తిని అలిసిపోయి వచ్చుంటుంది. అందుకని నేను నాలుగు 12ల్లో ఒకటీ రెండు తప్పక వేస్తాను. ఏది వెయ్యాలో తేల్చుకోవడానికి రెండు విషయాలు చూస్తాను: ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ళు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) ఎంత బాగా వేస్తారు, బంతి ఎంత తక్కువగా పోగొట్టుకుంటారు. ఎత్తు, బలం పెద్ద కాలేజీకే ఉంటాయి. చేతిలో బంతి జారిపోకుండా చూసుకోవడం మాత్రం చిన్న కాలేజీ కూడా నేర్చుకోగలదు.

8కి 9 అంటే బొమ్మా బొరుసూ. ఆ నాలుగూ పిల్లల చేత వేయించండి.

ఫైనల్ ఫోర్‌లో నలుగురూ 1వ సీడ్లే అని రాయాలనిపిస్తుంది. అది 2008లోనూ, 2025లోనూ జరిగింది, అంతే. నేనెప్పుడూ రెండు 1లు, ఒక 2 లేదా 3, ఇంకొకటి మనసుకి నచ్చింది వేస్తాను. ఆ మనసుకి నచ్చినదాన్ని వేసేటప్పుడు ఎవరి సలహా వినకండి. 11వ సీడ్లు కూడా ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళాయి: 1986లో ఎల్‌ఎస్‌యూ, 2006లో జార్జ్ మేసన్, 2011లో వీసీయూ, 2018లో లొయోలా షికాగో, 2021లో యూసీఎల్‌ఏ, 2024లో మా నార్త్ కరోలినా స్టేట్. కప్పు గెలిచినవాళ్ళలో అందరికంటే కింది సీడు 1985లో విలనోవా, 8వ సీడు. జార్జ్‌టౌన్ మీద 66-64.

నింపేది పెన్నుతో కాగితం మీద నింపండి. ఫోనులో కూడా ఉంటుంది, ఆఫీసు పోటీకి అదే కావాలి. కానీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ముందు నిలబడి గీత కొట్టడం వేరు. 2012 నుంచి మా ఇంట్లోవన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి, ఒక్క 2020 తప్ప. ఆ ఏడాది కరోనా వల్ల టోర్నమెంటే రద్దయింది. ఫైల్లో ఆ ఏడాదికి ఖాళీ కాగితం ఒకటి పెట్టాను.

ఇంట్లో పోటీ పెట్టుకుంటే

డబ్బు పెట్టకండి. ఇది నేను గట్టిగా చెప్తాను. డబ్బు వచ్చిన దగ్గర ఆట చూడ్డం పోయి లెక్క చూడ్డం మొదలవుతుంది. మా కాలనీలో తొమ్మిది తెలుగు కుటుంబాలు, మా పెద్దావిడ, పదకొండో ఇల్లుగా ఒక గుజరాతీ కుటుంబం కలిసి ఆడతాం. బహుమతి ఒక డబ్బా ఆత్రేయపురం పూతరేకులు. జనవరిలో ఇండియా నుంచి ఎవరొస్తే వాళ్ళు తేవాలి. బెల్లంవి, నెయ్యి బాగా రాసినవి. అవి మార్చి దాకా ఆగాలంటే గట్టిగా మూత ఉన్న డబ్బాలో చెమ్మ తగలకుండా దాచాలి, లేకపోతే మెత్తబడిపోతాయి.

పాయింట్లు మామూలుగా రౌండు రౌండుకీ రెట్టింపవుతాయి: 1, 2, 4, 8, 16, 32. అలా చేస్తే ఫైనల్ సరిగ్గా చెప్పినవాళ్ళదే గెలుపు, మొదటి వారం విలువ పోతుంది. మేము ఒక మార్పు చేసుకున్నాం. మొదటి రెండు రౌండ్లలో గెలిచిన జట్టు సీడు ఎంతో అన్ని పాయింట్లు కలుపుతాం. 12వ సీడుని నమ్మినవాళ్ళకి 12 అదనం. దీనితో పిల్లలు ధైర్యంగా చిన్న జట్లని వేస్తారు, ఆ జట్టు ఆడేటప్పుడు టీవీ ముందు నుంచి కదలరు.

మొదటి గురువారం

సెలవు పెట్టండి. సగం చూపు పని మీద, సగం ఫోను మీద పెట్టి రెండూ పాడుచేసుకోవద్దు. సీబీఎస్, టీబీఎస్, టీఎన్‌టీ, ట్రూటీవీ, నాలుగు చానెళ్ళలో మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై అర్ధరాత్రి దాకా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఇండియాలో అమ్మానాన్నలతో ఫోనులో మాట్లాడుకుంటూ చూడాలంటే మన మధ్యాహ్నం పన్నెండు వాళ్ళకి రాత్రి తొమ్మిదిన్నర.

వంట ముందురోజే చేసుకోండి. ఆవ పెట్టిన పులిహోర బుధవారం రాత్రి కలిపి పెడితే గురువారానికి ఇంకా బాగా ఊరుతుంది. స్టవ్ దగ్గరికి వెళ్ళక తప్పకపోతే ఒక లెక్క ఉంది. పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. గడియారం వెనక్కి నడుస్తుంది. ప్రతి సగంలోనూ 16, 12, 8, 4 నిమిషాలు దాటాక బంతి మొదటిసారి ఆగినప్పుడు ప్రకటనల కోసం విరామం ఇస్తారు. ఆ నాలుగింటినీ గుర్తుపెట్టుకుంటే చారు పొంగదు, బుట్ట మిస్సవదు. మధ్యలో సుమారు పావుగంట విరామం, అన్నం తినడానికి సరిపోతుంది.

నాలుగు ఆటలు ఒకేసారి ఉంటే ఏది చూడాలి? స్కోరు దగ్గరగా ఉన్నది అని అందరూ చెప్తారు. నేనైతే గడియారం చూడమంటాను. రెండో సగంలో ఎనిమిది నిమిషాల లోపుండి, పెద్ద జట్టు పది పాయింట్ల లోపు ఆధిక్యంలో ఉంటే అక్కడికి వెళ్ళండి. చిన్న జట్టు అప్పటిదాకా నిలబడిందంటే హాల్లో ఉన్న మూడో పార్టీ అభిమానులందరూ దాని వైపు తిరుగుతారు. ఆ చప్పుడు టీవీలో కూడా వినబడుతుంది. 2018 మార్చి 16 రాత్రి షార్లెట్‌లో సగం ఆటకి యూఎంబీసీ, వర్జీనియా 21-21 అని చూసి నేను చానెల్ మార్చలేదు. అంతకుముందు 1వ సీడ్లు 16వ సీడ్ల మీద 135 ఆడి 135 గెలిచాయి. యూఎంబీసీ 74-54తో గెలిచింది, ఇరవై పాయింట్ల తేడాతో. మా చిన్నాన్న కొడుకు అప్పుడు యూఎంబీసీలోనే, బాల్టిమోర్ పక్కన, ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడి తరగతిలో సగంమంది మన తెలుగు పిల్లలేనట. అర్ధరాత్రి ఫోన్ చేసి, "అక్కా, మా కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టుందని నాకివాళే తెలిసింది!" అని అరుస్తున్నాడు, వెనక డప్పులు. మర్నాడు పెద్దాపురం నుంచి మా చిన్నమ్మ కూడా ఫోన్ చేసి "మనవాడి కాలేజీ గెలిచిందంటగా" అంది. అలా ఓడిన వర్జీనియా సరిగ్గా ఏడాదికి, 2019లో, అదే కోచ్‌తో కప్పు గెలిచింది. ఆ రెండు రాత్రులూ చూసినవాళ్ళు ఈ టోర్నమెంటుని వదల్లేరు.

ఆఖరి నాలుగు నిమిషాలు

కొత్తవాళ్ళకి విసుగొచ్చేది ఇక్కడే. నాలుగు నిమిషాల ఆటకి ఇరవై నిమిషాలు పడుతుంది, ఊరికే ఫౌల్ చేస్తుంటారు, ఊరికే ఆపుతుంటారు. కానీ ఆట బిగుసుకునేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

వెనకబడ్డ జట్టుకి కావల్సింది సమయం. ఎదుటివాళ్ళ చేతిలో బంతి ఉంటే 30 సెకన్లు పట్టుకుని కూర్చోవచ్చు. అలా కాకుండా కావాలని ఫౌల్ చేసి గడియారం ఆపుతారు. బదులుగా వాళ్ళకి ఫ్రీ త్రోలు దొరుకుతాయి. పురుషుల ఆటలో ఒక సగంలో ఒక జట్టు చేసిన ఫౌళ్ళు ఏడుకి చేరితే ఎదుటి జట్టుకి వన్ అండ్ వన్. మొదటిది పడితేనే రెండోది వేసే అవకాశం, తప్పితే బంతి ఎవరిదైతే వాళ్ళది. ఫౌళ్ళు పదికి చేరితే రెండూ ఖాయం. ఒక ఆటగాడు అయిదు ఫౌళ్ళు చేస్తే బయటికే, ఎన్‌బీఏలో లాగా ఆరు కాదు. అందుకే ప్రధాన ఆటగాడికి నాలుగో ఫౌల్ పడగానే కోచ్ మొహం చూడండి.

ఈ వన్ అండ్ వన్ విలువ నాకు 2024 మార్చి 15న అర్థమైంది. వాషింగ్టన్‌లో ఏసీసీ టోర్నమెంట్ (డ్యూక్, స్టేట్ ఆడే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ది). స్టేట్ రెగ్యులర్ సీజన్లో ఆఖరి నాలుగు ఆటలూ ఓడి, 17 గెలుపులు, 14 ఓటములతో అక్కడికెళ్ళింది. నేరుగా రావాలంటే అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలవాలి. రెండు గెలిచి, మూడో రోజు డ్యూక్‌ని కూడా కొట్టి, నాలుగో రోజు వర్జీనియా చేతిలో మూడు పాయింట్లు వెనకబడ్డారు, కొన్ని సెకన్లే ఉన్నాయి. వర్జీనియా కుర్రాడు వన్ అండ్ వన్‌లో మొదటిది తప్పాడు. బంతి మైకేల్ ఓకానెల్ చేతికొచ్చింది. అతను దూరం నుంచి విసిరితే అది బోర్డుకి తగిలి, రింగు మీద తచ్చాడి లోపల పడింది. అదనపు సమయంలో గెలిచారు. మర్నాడు నార్త్ కరోలినాని (స్టేట్ కాదు, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా, వేరే కాలేజీ) 84-76తో కొట్టి 1987 తర్వాత మొదటిసారి ఏసీసీ కప్పు తెచ్చారు. ఆ ఒక్క ఫ్రీ త్రో పడుంటే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు.

ఇంకొకటి. ఆఖరి క్షణంలో బంతిని మాత్రమే చూడకండి, అడ్డుకునేవాడి కాళ్ళు చూడండి. 2025 ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో ముందుంది, హ్యూస్టన్ చేతిలో ఆఖరి బంతి. హ్యూస్టన్ కుర్రాడు మూడు పాయింట్ల షాటు వెయ్యడానికి గాల్లోకి లేచేసరికి ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ అతని మీదికి పరిగెత్తుకొచ్చాడు. వేస్తే క్లేటన్ అడ్డుకుంటాడని హ్యూస్టన్ కుర్రాడు బంతి వదిలేశాడు. మళ్ళీ తనే ముట్టుకుంటే ట్రావెలింగ్ అనే తప్పు, బంతి ఎదుటివాళ్ళకి పోతుంది. బంతి నేల మీద ఎగురుతుంటే అతను ముట్టుకోలేక నిలబడ్డాడు, సమయం అయిపోయింది. ఆఖరి షాటు వెయ్యకుండానే ఫైనల్ అలా ముగిసింది. రెండోసారి చూసినప్పుడు గానీ క్లేటన్ ఎంత దూరం నుంచి వచ్చాడో నాకు కనబడలేదు.

ఒకరిని పట్టుకోండి

అన్ని జట్లనీ చూడాలనుకుంటే ఒక్కటీ దక్కదు. మీ పిల్లలు చదివే కాలేజీ గానీ, మీరుండే ఊరి కాలేజీ గానీ, చివరికి పేరు నచ్చిందనో రంగు నచ్చిందనో, ఒకదాన్ని పట్టుకుని అందులో అయిదుగురి పేర్లు నేర్చుకోండి.

మా నాన్న 2024 ఫిబ్రవరిలో ఆర్నెల్లకి వచ్చారు. ఆయన పిఠాపురం దగ్గర పల్లెలో చెడుగుడు ఆడి పెరిగిన మనిషి. బాస్కెట్‌బాల్ అంటే పొడుగువాళ్ళ ఆట అని మొదటి రెండు రోజులూ పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. స్టేట్ జట్టులో డీజే బర్న్స్ ఉన్నాడు. 6 అడుగుల 9 అంగుళాలు, 275 పౌండ్లు, అంటే సుమారు 125 కిలోలు, ఎడమచేతి వాటం. అతను బుట్టకి వీపు పెట్టి, వెనక ఉన్నవాణ్ణి భుజంతో మెల్లగా నెట్టుకుంటూ వెళ్ళి, ఒక్క అడుగు మార్చి తిరిగేసేవాడు. నాన్న పేపరు పక్కన పెట్టి, "వీడు కూతకెళ్ళినవాడిలా ఉన్నాడే, అవతలివాడి బరువంతా ఏ కాలి మీదుందో చూసుకుని కదులుతున్నాడు" అన్నారు. ఆ మాటతో నాకూ అతని ఆట అర్థమైంది. మార్చి 31న డాలస్‌లో డ్యూక్ మీద స్టేట్ సగం ఆటకి ఆరు పాయింట్లు వెనక. చివరికి 76-64. బర్న్స్ 29 కొట్టాడు. 1983 తర్వాత మొదటి ఫైనల్ ఫోర్. మా పెద్దావిడ మా సోఫాలో కూర్చుని నాన్న చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సరిగ్గా తెలీదు.

1983 సంగతి ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. పది ఓటములతో వచ్చిన జట్టు, కోచ్ జిమ్ వల్వానో. ఫైనల్లో ఎదురుగా హ్యూస్టన్, అందులో తర్వాత ఎన్‌బీఏలో పెద్ద పేరు తెచ్చుకున్న ఒలాజువాన్, డ్రెక్స్‌లర్. 52-52 మీద ఆఖరి సెకన్లలో విటెన్‌బర్గ్ చాలా దూరం నుంచి విసిరిన బంతి రింగు దాకా రాలేదు. కింద ఉన్న లొరెంజో చార్ల్స్ దాన్ని గాల్లోనే అందుకుని బుట్టలో కుక్కేశాడు. వల్వానో ఎవర్ని కౌగిలించుకోవాలో తెలీక మైదానంలో పరిగెత్తాడు. పదేళ్ళకి, 1993లో, క్యాన్సర్‌తో పోయాడు. ఆ పరుగు వీడియో తప్పక వెతికి చూడండి, ముప్ఫై సెకన్లే.

అమ్మాయిల టోర్నమెంట్ వేరే కాదు

1982 నుంచి ఉంది. 2022 నుంచి దానికీ 68 జట్లు. ఆట పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, వన్ అండ్ వన్ లేదు, ఒక క్వార్టర్లో అయిదో ఫౌల్‌కే రెండు ఫ్రీ త్రోలు. అందువల్ల ఆఖర్లో తక్కువ సాగుతుంది, కొత్తవాళ్ళు దీనితో మొదలుపెట్టడం తేలిక. 2024లో కైట్లిన్ క్లార్క్ ఆడిన ఐయోవా, సౌత్ కరోలినా ఫైనల్‌ని అమెరికాలో సుమారు ఒక కోటీ 89 లక్షల మంది చూశారు, పురుషుల ఫైనల్ కంటే ఎక్కువ. సౌత్ కరోలినా 87-75తో గెలిచి ఏడాదంతా ఓటమి లేకుండా ముగించింది.

ఇందులో ఇంకో మేలు ఏమిటంటే, పైనున్న 16 జట్లు మొదటి రెండు రౌండ్లూ సొంత ఊళ్ళోనే ఆడతాయి. ఆ జట్లలో ఒకటి మీ ఊళ్ళో ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళండి, టికెట్టు కూడా పురుషుల ఆటంత ఉండదు. 2024లోనూ 2025లోనూ మా అమ్మాయిని రాలీలోని రేనాల్డ్స్ కొలీజియంకి తీసుకెళ్ళాను. 1949లో కట్టిన హాలు, చిన్నది, మైదానం మీద బూటు జారిన చప్పుడు మూడో వరసలోకి వినిపిస్తుంది. స్టేట్ అమ్మాయిలు కూడా 2024లో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళారు, అబ్బాయిలతో పాటే. మా అమ్మాయి ఇప్పుడు ఇంటి ముందు రింగుకి ఎడమచేత్తో కూడా వెయ్యడం నేర్చుకుంటోంది.

పురుషుల ఆటకి హాలుకి వెళ్ళాలంటే మొదటి వారమే వెళ్ళండి. ఫైనల్ ఫోర్ ఫుట్‌బాల్ స్టేడియంలో పెడతారు, పై వరసల్లో కూర్చుంటే అందరూ చీమల్లా కనిపిస్తారు. మొదటి వారం మామూలు హాళ్ళలో ఉంటుంది, ఒక సెషన్ టికెట్టుకి రెండు ఆటలు. 2025 మార్చి 23న రాలీలో మేము పై అంతస్తులో కూర్చుని, రెండేళ్ళు వరసగా కప్పు గెలిచిన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఫ్లోరిడా చేతిలో 77-75తో ఓడటం చూశాం, తర్వాత డ్యూక్ ఆట. రెండు ఆటల మధ్య అభిమానులు మారతారు, హాల్లో రంగులే మారిపోతాయి. స్వెటర్ తీసుకెళ్ళండి, హాలు చల్లగా ఉంటుంది.

ఉగాది వచ్చి పడితే

ఇది మనకి మాత్రమే ఉన్న చిక్కు, కొంచెం ముందే చూసుకోవాలి. 2019లోనూ 2022లోనూ ఉగాది సరిగ్గా ఫైనల్ ఫోర్ శనివారమే వచ్చింది. 2025లో ఎలైట్ ఎయిట్ ఆదివారం. 2022 ఏప్రిల్ 2న డ్యూక్, నార్త్ కరోలినా ఈ టోర్నమెంటులో మొట్టమొదటిసారి ఎదురుపడ్డాయి. ఎనిమిది మైళ్ళో పది మైళ్ళో దూరంలో ఉన్న రెండు కాలేజీలు, వందేళ్ళ పోరు, అప్పటిదాకా ఇక్కడ ఒక్కసారీ తలపడలేదు. పైగా డ్యూక్ కోచ్ షాషెఫ్‌స్కీకి అది ఆఖరి ఏడాది. పొద్దున్నే పచ్చడి చేసి, కేరీలోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి పంచాంగ శ్రవణం విన్నాం. అమెరికాలో ఆటలు రాత్రి కావడం మనకి కలిసొచ్చింది. రాత్రి నార్త్ కరోలినా 81-77తో గెలిచింది. గుళ్ళో పొద్దున్న కలిసినవాళ్ళలో సగంమంది సాయంత్రానికి నార్త్ కరోలినా లేత నీలమో డ్యూక్ ముదురు నీలమో వేసుకుని ఎవరింట్లోనో కూర్చున్నారు.

మీ జట్టు ఓడిన రాత్రి

ఓడుతుంది. 68లో 67 ఓడతాయి. టీవీ వెంటనే కట్టేయకండి. రెండు జట్లూ చేతులు కలుపుకునేదాకా ఉండండి, మీ సీనియర్లు మైదానం దాటేదాకా చూడండి. ఇన్నాళ్ళూ వాళ్ళ పేర్లు నేర్చుకున్నది అందుకే.

తర్వాత మా పెద్దావిడ పద్ధతి పాటించండి. ఎవరు ఓడించారో ఆ రాత్రి నుంచి వాళ్ళు మన జట్టు. 2012లో స్టేట్‌ని కన్సాస్ ఓడించింది, ఆవిడ కన్సాస్ పేరు మీదికి బాణం గీసింది. ఫైనల్లో కన్సాస్‌ని కెంటకీ ఓడించింది, బాణం కెంటకీకి. 2022లో కెంటకీని ఓడించి అందరి మనసూ గెలిచిన సెయింట్ పీటర్స్‌ని పట్టుకున్నాను. వాళ్ళని నార్త్ కరోలినా ఓడించింది, నార్త్ కరోలినాని ఫైనల్లో కన్సాస్ ఓడించింది. 2024లో స్టేట్ నుంచి పర్డ్యూకి, పర్డ్యూ నుంచి యూకాన్‌కి. ఎక్కడ మొదలుపెట్టినా బాణాలు గీసుకుంటూ పోతే సోమవారం రాత్రి కప్పు ఎత్తే జట్టు దగ్గరే ఆగుతాం.

2024 ఫైనల్ మర్నాడే, ఏప్రిల్ 9న, ఉగాది. నాన్న పొద్దున్నే లేచి ఫ్రిజ్ మీది కాగితంలో యూకాన్ చుట్టూ సున్నా చుట్టి, కింద తెలుగులో తారీఖు వేశారు. దాన్ని ఆ ఏడాది ఫైల్లో పెట్టాను.